ఇంటర్వ్యూలో టైప్ 1 షుగర్ ఉందని చెప్పాలా, వద్దా? (రొయ్యల ప్లాంటులో క్యూసీ, అంటే నాణ్యత తనిఖీ ఉద్యోగం)

రేవుకుర్రాడు · 2025 అక్టోబర్ 11, రాత్రి 9:40

అందరికీ నమస్కారం అండి. ఇక్కడ చాన్నాళ్ళుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

మాది సఖినేటిపల్లి వైపు. ఈ ఏడాదే బీఎస్సీ మైక్రోబయాలజీ అయింది. నాకు పదమూడో ఏట టైప్ 1 వచ్చింది, ఇప్పటికి ఎనిమిదేళ్ళు. రోజుకు నాలుగు ఇన్సులిన్ సూదులు. మూడు పూటలా తినే ముందు ఒక్కోటి, రాత్రి పదింటికి లాంగ్ యాక్టింగ్ (మెల్లగా, ఎక్కువసేపు పనిచేసేది) ఒకటి.

జూన్ నుంచి ఉద్యోగం కోసం తిరుగుతున్నాను. మొదటిది మేత కంపెనీలో ఫీల్డ్ టెక్నీషియన్. చెరువుల మీద తిరిగే పని. కూర్చోగానే నేనే చెప్పేశాను, దాచడం ఎందుకని. ఆయన "ఇంత చిన్న వయసులో షుగరేంటి, స్వీట్లు బాగా లాగించేవాడివా" అని నవ్వాడు. తర్వాత ఫోన్ రాలేదు.

రెండోది రాజమండ్రిలో ఒక ల్యాబ్. ఈసారి చెప్పలేదు. తెల్లారకుండానే బస్సెక్కి, సూది వేసుకుని, రెండిడ్లీలు తిని వెళ్ళాను. పదింటికి రమ్మన్నవాళ్ళు లోపలికి పిలిచేసరికి రెండైంది. అప్పటికే చెమటలు, చేతుల్లో వణుకు. గ్రామ్ స్టెయినింగ్ (బ్యాక్టీరియాకు రంగువేసి గుర్తించడం) చెప్పమన్నారు. మూడేళ్ళు నా చేత్తో చేసిన పని అండి, ఒక్క ముక్క నోటికి రాలేదు. బయటికొచ్చి చూసుకుంటే షుగర్ 52, బాగా పడిపోయింది. వీడికేమీ రాదనుకుని ఉంటారు.

ఇప్పుడు భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో క్యూసీ ట్రైనీకి పిలిచారు. జీతం 16,500. ఇంటర్వ్యూ 18న. అమ్మ చచ్చినా చెప్పొద్దంటోంది. ఊళ్ళో తెలిస్తే చెల్లికి సంబంధాలు రావని ఆవిడ భయం. నాన్న ఏమీ అనడు.

చెప్పాలా వద్దా? ప్లాంటులోకి తినేవి ఏమీ తీసుకెళ్ళనివ్వరట, అది నిజమేనా?

సహజవైద్యం_గోదారి · అక్టోబర్ 11, రాత్రి 10:15

తమ్ముడూ టెన్షన్ పడకు. పరగడుపున కాకరకాయ రసం, మెంతులు, 40 రోజులు. ఇన్సులిన్ మానేయొచ్చు. మా మావయ్యకు 300 ఉన్నది 120కి దిగింది. అప్పుడు చెప్పాలా వద్దా అన్న ప్రశ్నే ఉండదు.

అమ్మాజీ_పాలకొల్లు · అక్టోబర్ 11, రాత్రి 10:32

మీ మావయ్యగారిది టైప్ 2 అయి ఉంటుందండి. ఆయన ఒంట్లో ఇన్సులిన్ ఉంటుంది, సరిగ్గా పని చేయదు అంతే. ఈ పిల్లలకు అసలు ఊరదు. తయారుచేసే కణాలను ఒళ్ళే చంపేసుకుంటుంది. స్వీట్లు తిన్నందుకు వచ్చేది కాదు, కాకరకాయతో పోయేదీ కాదు.

మా పాపకు ఏడేళ్ళప్పుడు మీలాంటాయన మాటే విని మూడు రోజులు డోసు తగ్గించేశాం. నాలుగో రోజు వాంతులు, ఆయాసం, ఊపిరిలో మాగిన పండు వాసన. కాకినాడ తీసుకెళ్తే కీటోఅసిడోసిస్ (ఇన్సులిన్ చాలక రక్తం ఆమ్లమైపోవడం) అన్నారు. ఆరు రోజులు ఐసీయూ తలుపు దగ్గర కూర్చున్నాను. దయచేసి ఇలాంటివి ఇక్కడ రాయకండి.

నిర్వాహకుడు · అక్టోబర్ 11, రాత్రి 10:50

ఇన్సులిన్ మానేయమనే సలహాలు ఇక్కడ కుదరవు. పై సలహాను తీసేద్దామనుకున్నాను, కానీ అమ్మాజీ గారి జవాబు పదిమందీ చదవాలని దాన్నీ ఉంచుతున్నాను. సహజవైద్యం గారికి ఈ చర్చలో మళ్ళీ రాసే వీలుండదు.

పాతసిరంజి · అక్టోబర్ 12, ఉదయం 6:05

బాబూ, నాది తణుకు. బ్యాంకులో చేసి నిరుడు రిటైరయ్యాను. నాకు 1981లో, పదిహేడో ఏట వచ్చింది. అప్పట్లో గాజు సిరంజి, రోజూ నీళ్ళలో మరిగించాలి. మీటర్లు లేవు. ఒంటేలు పరీక్షే: బెనెడిక్ట్ ద్రావణంలో ఎనిమిది చుక్కలు వేసి వేడిచేస్తే నీలంగా ఉంటే మంచిది, ఇటుక రంగు వచ్చిందంటే మా అమ్మ ఏడుపు. ఆ రంగులు చూస్తూనే డిగ్రీ అయింది, ఉద్యోగమూ వచ్చింది.

నా లెక్క ఇది. ఇంటర్వ్యూ గది వేరు, మెడికల్ ఫారం వేరు. ఇంటర్వ్యూలో వాళ్ళు అడగనిది నువ్వు చెప్పనక్కర్లేదు. నీకు పని వచ్చా రాదా అన్నది చూసే చోటది. తర్వాత సంతకం పెట్టే కాగితంలో మాత్రం "ఏదైనా వ్యాధి ఉందా" అన్న గడి ఎదురుగా "లేదు" అని రాయకు. రేపు దాన్నే పట్టుకుని తీసేయొచ్చు. అప్పుడు తప్పు షుగర్‌ది కాదు, నీది అవుతుంది. నేను 1987లో రాశాను. డాక్టరుగారు కళ్ళజోడు పైనుంచి చూసి, కళ్ళూ మూత్రపిండాలూ పరీక్ష చేయించి, ఫిట్ అని సంతకం పెట్టారు.

వసీం అక్రమ్‌కు కూడా 1997లో టైప్ 1 అని తేలింది. ఆ తర్వాత కూడా పాకిస్తాన్‌కు బౌలింగ్ వేశాడు, 1999 ప్రపంచ కప్ ఫైనల్‌కు జట్టును తీసుకెళ్ళాడు. ఆ ఫైనల్లో చిత్తుగా ఓడారనుకో, అది వేరే సంగతి.

రెండోపెన్ను · అక్టోబర్ 12, ఉదయం 8:20

బాబాయ్ గారు, మీ కాలం వేరండి. బ్యాంకు ఉద్యోగం, యూనియన్, పరీక్ష రాసి తెచ్చుకున్న ర్యాంకు. మాది ప్రైవేటు. నేను కాకినాడలో చదివి హైదరాబాద్‌లో సపోర్ట్ జాబ్ చేస్తున్నాను. మొదట రెండుచోట్ల చెప్పాను, రెండుచోట్లా "మళ్ళీ చెప్తాం" అన్నారు. మూడోచోట దాచాను, వచ్చింది.

కానీ తమ్ముడూ, దాచాక ఏమైందో కూడా విను. నైట్ షిఫ్ట్, తెల్లవారుజామున మూడున్నర. కాల్ మధ్యలో మాట తడబడింది, తర్వాత ఏమీ గుర్తులేదు. పక్క సీటు అబ్బాయి నేను తాగొచ్చాననుకున్నాడు. ఇంకొకామె ఫిట్స్ అనుకుని చేతిలో తాళాలు పెట్టిందట! బ్యాగులో గ్లూకోజ్ ప్యాకెట్లు నాలుగున్నాయి. అవి అక్కడున్నాయని, అవెందుకో ఒక్కరికీ తెలీదు. అంబులెన్స్ వాళ్ళు వచ్చి డ్రిప్ పెట్టాక లేచాను.

ఉద్యోగం పోలేదు. కానీ మేనేజర్ "ముందే చెప్పుంటే నిన్ను నైట్ వేసేవాణ్ణే కాదు" అన్నాడు. నాకు అదీ నచ్చలేదు. నైట్ అలవెన్సు లేకపోతే చేతికి అంటించుకునే నా షుగర్ సెన్సర్ డబ్బులు ఎక్కడినుంచి వస్తాయి?

హెచ్చార్_రాజమండ్రి · అక్టోబర్ 12, మధ్యాహ్నం 1:10

నేను పదకొండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. మా వైపు నుంచి నాలుగు మాటలు.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో 21 రకాలు ఉన్నాయి. తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ అందులో ఉన్నాయి. టైప్ 1 లేదు. కాబట్టి ఆ రిజర్వేషన్ మీకు రాదు, ఆ చట్టం ఇచ్చే రక్షణ కూడా షుగర్ పేరు మీద రాదు. ఇది చాలామందికి తెలియక సర్టిఫికెట్ కోసం తిరుగుతుంటారు.

రెండోది, నీ కేసులో అసలైన మాట. ఆహారం తయారుచేసే చోట పనిచేసేవాళ్ళకు ఏడాదికోసారి మెడికల్ చేయించాలన్నది ఫుడ్ సేఫ్టీ నిబంధన. అది అంటువ్యాధుల కోసం. టైఫాయిడ్, చర్మవ్యాధుల లాంటివి చూస్తారు. షుగర్ అంటుకునేది కాదు కదా. "రొయ్యల ప్లాంటు మెడికల్‌లో షుగర్ ఉంటే తీసేస్తారు" అని ఎవరైనా అంటే ఆ మాట ఆ నిబంధనలోంచి వచ్చింది కాదు.

మూడోది, జీతం 21,000 లోపు కాబట్టి ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) వస్తుంది. నీ వాటా 0.75 శాతం కోస్తారు, అంటే నెలకు 124 రూపాయలు. వైద్యం చేరిన రోజు నుంచే, ముందునుంచి ఉన్న జబ్బు అని మినహాయింపు లేదు. అమ్మానాన్నలు నీ మీద ఆధారపడి ఉంటే వాళ్ళకూ వస్తుంది. డిస్పెన్సరీలో ఇన్సులిన్ రాయించుకోవచ్చు. పెద్ద కంపెనీల గ్రూప్ ఇన్సూరెన్స్ చూసి మురిసిపోయే కుర్రాళ్ళకు తెలియని విషయం: అవి ఎక్కువగా ఆసుపత్రిలో పడుకుంటేనే. నెలనెలా ఇన్సులిన్, స్ట్రిప్పులు నీ జేబులోంచే.

ఇంటర్వ్యూలో చెప్పడం గురించి నేను పాతసిరంజి గారి పక్షమే.

రెండోపెన్ను · అక్టోబర్ 12, మధ్యాహ్నం 1:34

హెచ్చార్ గారూ, ఒక్కటి అడుగుతాను. మీ ముందు సమానమైన ఇద్దరున్నారు. ఒకరికి టైప్ 1 అని తెలిసింది. మీరు ఎవర్ని తీసుకుంటారు? నిజం చెప్పండి.

హెచ్చార్_రాజమండ్రి · అక్టోబర్ 12, సాయంత్రం 5:48

నిజం చెప్పమన్నారు కాబట్టి. అయిదేళ్ళ క్రితమైతే రెండోవాణ్ణే తీసుకునేవాణ్ణి. ఒకసారి అలాగే చేశాను కూడా. ఆ తీసుకున్నవాడు మూడు నెలల్లో గల్ఫ్ వెళ్ళిపోయాడు. వదిలేసిన అమ్మాయి ఇప్పుడు వేరేచోట షిఫ్ట్ ఇన్‌చార్జి. ఆవిడ ఎదురుపడితే నేనే పక్కకు తిరుగుతాను.

అందుకే అడిగేదాకా చెప్పొద్దంటున్నాను. మా బుర్రలు మీరు మార్చలేరు, ఇంటర్వ్యూ ఇరవై నిమిషాల్లో అసలే మార్చలేరు.

ఆవలితీరం · అక్టోబర్ 12, రాత్రి 11:20

పాలకొల్లు నుంచి వచ్చి డాలస్‌లో పన్నెండేళ్ళుగా ఉంటున్నాను. మా బాబుకు టైప్ 1. ఇక్కడ 1990 నాటి చట్టం ప్రకారం ఉద్యోగం ఇస్తున్నామని చెప్పేదాకా ఆరోగ్యం గురించి కంపెనీ అడగనే కూడదు. చేరాక గ్లూకోజ్ చూసుకోడానికి, తినడానికి విరామం అడిగితే ఇవ్వాలి. మనవాళ్ళు కూడా అలా గట్టిగా అడగాలి.

పాతసిరంజి · అక్టోబర్ 13, ఉదయం 5:55

సంతోషం బాబూ. కానీ ఆ చట్టం పట్టుకుని భీమవరం గేటు దగ్గర నిలబడితే సెక్యూరిటీవాడు కూడా పలకడు. ఈ కుర్రాడికి కావలసింది 18న ఏం చెయ్యాలన్నది.

కొలను_క్యూసీ · అక్టోబర్ 13, రాత్రి 8:15

ఆయ్, అసలు ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. లోపలికి తినేవి పోతాయా లేదా. నేను భీమవరం వైపే ఒక ప్లాంటులో క్యూసీలో తొమ్మిదేళ్ళు. షుగర్ లేదు నాకు, కానీ నా లైన్‌లో ఉన్నవాళ్ళలో ఇద్దరికి ఉంది.

పోవు. బిస్కట్ కాదు, చూయింగ్ గమ్ కూడా పోదు. ఉంగరం, గాజు, వాచీ, బొట్టుబిళ్ళ అన్నీ బయటే. వేలికి కట్టు కావాలంటే నీలం రంగుదే ఇస్తాం. రొయ్యలో పడితే కనబడాలి, మెటల్ డిటెక్టర్‌కు దొరకాలి. చేతికి సెన్సర్ పెట్టుకుంటావా తమ్ముడూ? పెట్టుకుంటే ముందే చెప్పు. అది ఊడి ట్రేలో పడితే ఆ లాట్ మొత్తం ఆపాలి. భుజం మీద పెట్టుకుని, పైన గట్టి టేపు, దానిపైన ఫుల్ చేతుల లోపలి చొక్కా, ఆపైన కోటు అయితే మా దగ్గర ఒప్పుకున్నారు.

ఇంకోటి. లోపల చల్లగా ఉంటుంది. రొయ్యను 4 డిగ్రీల లోపు ఉంచాలి కాబట్టి ఐసులో చెయ్యి పెట్టి తీస్తూనే ఉంటాం. వేళ్ళు మొద్దుబారి రక్తం చుక్క రాదు. బయటికొచ్చి గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, తుడిచి, అప్పుడు గుచ్చుకోవాలి. క్లోరిన్ నీళ్ళ చేతులతోనే గుచ్చుకుని మీటర్ తప్పు చూపిస్తోందనకు.

ట్రైనీ అంటే ల్యాబ్‌లో కూర్చుని క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ లాంటి యాంటీబయాటిక్ అవశేషాలు చూడటం అనుకుంటున్నావేమో. మొదటి ఆరు నెలలు ఫ్లోరే. రిసీవింగ్, గ్రేడింగ్, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలో) చూడటం, ఫ్రీజర్ దగ్గర కోర్ (రొయ్య లోపలి) టెంపరేచర్ మైనస్ 18కి వచ్చిందా లేదా చూడటం. ఎనిమిది గంటలూ నిలబడే. ఎ, బి, సి షిఫ్టులు వారం వారం మారతాయి. ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేశాక మా దగ్గర కొత్తవాళ్ళను తీసుకోవడమే తగ్గింది. ఈ టైములో పిలిచారంటే నిజంగా మనిషి కావాలన్నమాట. వదులుకోకు.

నా సలహా: మేనేజర్‌కు చెప్పినా చెప్పకపోయినా, నీ లైన్ సూపర్‌వైజర్‌కు, డ్రెస్ మార్చుకునే గది చూసే ఆవిడకు చెప్పాలి. నీ గ్లూకోజ్ డబ్బా ఆ గదిలోనే ఉంటుంది.

రేవుకుర్రాడు · అక్టోబర్ 13, రాత్రి 10:02

అన్నయ్యా, చాలా థాంక్స్ అండి. సెన్సర్ కొనే స్తోమత లేదు, మీటరే. ఇంతకీ 52 కాకుండా ఇంటర్వ్యూలోకి ఎలా వెళ్ళాలి? దాన్ని తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

అమ్మాజీ_పాలకొల్లు · అక్టోబర్ 14, ఉదయం 7:25

మా పాప పరీక్షలకు నేను చేసేది చెప్తా. గదిలోకి వెళ్ళే అరగంట ముందొకసారి, గుమ్మం దగ్గరొకసారి చూస్తాం. 120, 150 మధ్య ఉంటే హాయి. 100 లోపు ఉండి కిందికి దిగుతున్నట్టుంటే ఒక అరటిపండు. జేబులో గ్లూకోజ్ పొడి పొట్లాలు. 70 కిందికి పడితే మూడు చెంచాలు నోట్లో వేసుకుని పావుగంట ఆగి మళ్ళీ చూడటం. ఎక్కకపోతే ఇంకోసారి. నీకివన్నీ తెలుసు నాన్నా, తెలిసీ ఆ రోజు సిగ్గుపడి లేవలేదు. అంతేగా?

ఇంటర్వ్యూ ఆలస్యమైతే లేచి "పది నిమిషాల్లో టిఫిన్ చేసి వస్తానండి" అని చెప్పు. తింటానంటే ఎవరూ కాదనరు. మన గోదావరి జిల్లాల్లో మరీనూ.

రెండోపెన్ను · అక్టోబర్ 14, ఉదయం 7:51

కాజాలు మాత్రం పట్టుకెళ్ళకు! నేను ఒకసారి లో అయితే తాపేశ్వరం మడతకాజా తిన్నాను, తీపే కదా అని. నూనెలో వేగిన పిండి, పాకం. కొవ్వు ఉంటే చక్కెర మెల్లగా ఎక్కుతుంది. పావుగంటకు ఇంకా కిందే ఉన్నాను, రెండోది తిన్నాను, మూడోది తిన్నాను, రెండు గంటలకు 340. నెయ్యి రాసిన పూతరేకులదీ అదే కథ. లో అయినప్పుడు పంచదార, గ్లూకోజ్, జ్యూస్. కాజాలు ఉద్యోగం వచ్చాక, డోసు వేసుకుని తిందువుగాని.

మందులషాపు_రావులపాలెం · అక్టోబర్ 14, మధ్యాహ్నం 3:30

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఉద్యోగాలకని ఊరు మారే పిల్లలకు ఒక హెచ్చరిక. మన దగ్గర బుడ్డీల్లో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లు. ఇన్సులిన్ పెన్నులో వేసేది 100. పెన్ను పాడైందని కార్ట్రిడ్జ్‌లోంచి ఎర్రమూత 40 సిరంజితో లాగితే రెండున్నర రెట్లు ఎక్కువ పోతుంది ఒంట్లోకి. ఎప్పుడూ చెయ్యొద్దు. రెండో పెన్ను ఒకటి దగ్గర ఉంచుకోండి.

గ్లార్జిన్ అనే లాంగ్ యాక్టింగ్ ఇన్సులిన్‌ను 2022లో అత్యవసర మందుల జాబితాలో చేర్చారు. ఎమ్మార్పీ చూసి కొనండి. తెరిచిన పెన్ను 28 రోజులే, అదీ 30 డిగ్రీల లోపు. మే నెలలో బైకు డిక్కీలో పెట్టి తిప్పిన పెన్ను పని చెయ్యట్లేదని నన్ను తిడతారు.

గ్రూప్స్_మూడోసారి · అక్టోబర్ 14, రాత్రి 9:10

నాకూ టైప్ 1. ప్రభుత్వ ఉద్యోగాల సంగతి ఎవరైనా చెప్తారా? రైల్వే, గ్రూప్ 2 రెండూ చదువుతున్నాను.

పాతసిరంజి · అక్టోబర్ 15, ఉదయం 6:10

సైన్యం మర్చిపో. రైల్వేలో ఒక్కో పోస్టుకు ఒక్కో మెడికల్ కేటగిరీ ఉంటుంది, లోకో పైలట్‌ది అన్నిటికన్నా కఠినం, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళకు అది దొరకదు. నోటిఫికేషన్లో పోస్టు పక్కన రాసిన కేటగిరీ చూసుకుని మరీ అప్లై చెయ్యి. ఆఫీసు ఉద్యోగాల దారి వేరు. పరీక్ష హాల్లోకి మీటర్, పండు తీసుకెళ్ళడానికి ముందే డాక్టరు ఉత్తరంతో రాసి అడుగు. జేఈఈ మెయిన్‌లో షుగర్ ఉన్న పిల్లలకు చక్కెర బిళ్ళలు, అరటి, ఆపిల్ లాంటి పండ్లు, మంచినీళ్ళ సీసా అనుమతిస్తున్నారు. సీబీఎస్ఈ 2017 నుంచే ఇస్తోంది. అది చూపించి అడగొచ్చు.

దీనికి వేరే చర్చ తెరువు బాబూ, ఈ కుర్రాడి సంగతి తేలనీ.

రేవుకుర్రాడు · అక్టోబర్ 18, రాత్రి 8:45

వెళ్ళొచ్చానండి.

పొద్దున్నే పంటు మీద గోదారి దాటి నర్సాపురం, అక్కణ్ణించి భీమవరం బస్సు. గేటు దగ్గర 138. పదకొండున్నరకి పిలిచారు. ముగ్గురున్నారు. మీరందరూ "అడగకపోతే చెప్పకు" అన్నారు కదా. రెండో ప్రశ్నే, ల్యాబ్ మేనేజర్ గారు, ఆవిడ అడిగేశారు: "షిఫ్టుల్లో నిలబడి చెయ్యాలి. ఆరోగ్యం ఏమైనా?"

ఒక్క క్షణం అమ్మ ముఖం కనబడింది. లేదని అనేద్దామనుకున్నాను. తర్వాత కొలను అన్నయ్య చెప్పిన డ్రెస్ గది గుర్తొచ్చింది. ఈరోజు లేదంటే ఆ డబ్బా ఎక్కడ పెట్టుకుంటాను?

"టైప్ 1 ఉంది మేడమ్, ఎనిమిదేళ్ళు. ఇన్సులిన్ నేనే వేసుకుంటాను. కాలేజీలో మూడేళ్ళలో దీనివల్ల మూడు రోజులే సెలవు పెట్టాను" అన్నాను. పక్కాయన కుర్చీలో కదిలాడు. ఆవిడ మాత్రం "ఫ్లోర్ మీద షుగర్ పడిపోతే ఏం చేస్తావ్?" అన్నారు. లైన్ వదిలి బయటికొచ్చి, డ్రెస్ గదిలో గ్లూకోజ్ తిని, పావుగంట ఆగి, 70 దాటాక చేతులు కడుక్కుని మళ్ళీ వస్తానన్నాను. "ఆ పావుగంట నీ లైన్ ఎవరు చూస్తారు?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. "అది మీరే చెప్పాలి మేడమ్, కానీ చూడకుండా వదిలిన ట్రే మీద చూసినట్టు సంతకం మాత్రం పెట్టను" అన్నాను. తర్వాత సాల్మొనెల్లా బ్యాక్టీరియా గురించి అడిగారు. అన్నీ చెప్పాను. గ్రామ్ స్టెయినింగ్ కూడా అడుగుతారేమోనని చూశాను, అడగలేదు!

వారంలో చెప్తామన్నారు. ఆ మాట నాకు బాగా తెలుసు.

రేవుకుర్రాడు · అక్టోబర్ 23, సాయంత్రం 4:20

మెయిల్ వచ్చింది. 29న చేరమన్నారు. మెడికల్ ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాశాను.

రెండోపెన్ను · అక్టోబర్ 23, సాయంత్రం 4:26

తమ్ముడూ!!! ఇప్పుడు తిను కాజా.

కొలను_క్యూసీ · అక్టోబర్ 27, రాత్రి 7:40

తుఫాను మనవైపే వస్తోందంటున్నారు. రేవు తమ్ముడూ, ఇన్సులిన్ జాగ్రత్త. మా ప్లాంటు రేపటి నుంచి మూసేస్తున్నారు, మీదీ అంతే అయి ఉంటుంది.

రేవుకుర్రాడు · నవంబర్ 1, ఉదయం 11:15

ఫోన్ ఇప్పుడే చార్జింగ్ అయింది. అందరం బాగున్నాం. 28 రాత్రి మొంథా తుఫాను నర్సాపురం దగ్గరే తీరం దాటింది కదా, మమ్మల్ని సాయంత్రమే బడికి తీసుకెళ్ళారు. కొబ్బరిచెట్లు రెండు పోయాయి, ఇల్లు నిలబడింది. పంటు ఆపేశారు, కరెంటు రెండు రోజులు లేదు. చేరడం నవంబర్ 3కి మార్చారు.

ఇన్సులిన్ సంగతి రాయాలి. ఇంట్లో ఫ్రిజ్‌లో మూడు పెన్నులు. మూడూ ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి నడుముకు కట్టుకుని బడికి తెచ్చాను. అక్కడ జనం, ఉక్క. నేను గోడవైపు తిరిగి సూది వేసుకుంటుంటే అమ్మ చూసింది. ఆ గది మధ్యలో నిలబడి, మా వీధి మొత్తం వినేట్టు, "మా వాడి ఇన్సులిన్ పాడైపోద్దండి, ఎవరి దగ్గరైనా చల్లటి కుండ ఉందా" అని అడిగింది. ఎనిమిదేళ్ళు ఎవరికీ చెప్పొద్దన్న మనిషి!

రొయ్యల చెరువుల్లో పనిచేసే బాబాయ్ ఒకాయన ఐసు తెచ్చాడు. ఐసు మీద నేరుగా పెడితే గడ్డకట్టి పనికిరాదని చెప్పాను. వంట చేసే పెద్దమ్మ మట్టికుండలో తడి ఇసక వేసి, మధ్యలో చిన్న ముంతలో డబ్బా పెట్టి, తడిగుడ్డ కప్పింది. రెండు రోజులూ ఎవరో ఒకరు ఆ గుడ్డ తడుపుతూనే ఉన్నారు. తర్వాత నా షుగర్లు చూస్తే ఇన్సులిన్ బాగానే పనిచేస్తోంది.

అమ్మాజీ_పాలకొల్లు · నవంబర్ 1, మధ్యాహ్నం 12:05

అమ్మగారి నంబరు ఇస్తావా నాన్నా, నాకు విడిగా పంపు. మాట్లాడాలనుంది.

రేవుకుర్రాడు · నవంబర్ 9, రాత్రి 9:30

మొదటి వారం అయింది. ఎ షిఫ్ట్, పొద్దున ఆరు నుంచి రెండు.

నాలుగో రోజే లో అయ్యాను. గ్రేడింగ్ దగ్గర కౌంట్ చూస్తుంటే అంకెలు రెండుగా కనబడ్డాయి. అయినా ఈ ట్రే అయ్యాక వెళ్దాం, ఆ ట్రే అయ్యాక వెళ్దాం అని ఆగాను. కొత్తగా చేరి నాలుగో రోజే బయటికి పోతానంటే ఏమనుకుంటారని. సూపర్‌వైజర్ అక్క వచ్చి నా చేతిలో రాసే పెన్ను తీసుకుని "పో" అంది, అంతే. గ్లౌజులు, ఏప్రాన్, బూట్లు విప్పి డబ్బా దగ్గరకు వెళ్ళేసరికి ఆరేడు నిమిషాలు పట్టింది. ఆ ఆరేడు నిమిషాల లెక్క నేను ముందు వేసుకోలేదు. 58.

అప్పట్నుంచి 140 లేనిదే లోపలికి వెళ్ళట్లేదు. పది గంటల టీ టైములో తప్పకుండా చూసుకుంటున్నాను. పొద్దున తినే ముందు వేసేది డాక్టరుగారికి ఫోన్ చేసి రెండు యూనిట్లు తగ్గించాను.

ఒక చిక్కుంది. రేపటి వారం సి షిఫ్ట్, రాత్రి పదింటికి లోపలికి. లాంగ్ యాక్టింగ్ నేను పదింటికే వేసుకునేవాణ్ణి.

పాతసిరంజి · నవంబర్ 10, ఉదయం 6:00

ఏ షిఫ్టులో ఉన్నా నువ్వు ప్లాంటు బయట ఉండే టైము ఏదో చూసుకో. ఎ, సి షిఫ్టుల్లో రాత్రి ఎనిమిదిన్నర కుదురుతుంది, బి షిఫ్టులో (రెండు నుంచి పది) కుదరదు. మధ్యాహ్నం పన్నెండున్నర అయితే బి, సి కుదురుతాయి, ఎ కుదరదు. తెల్లవారుజామున అయిదుంబావు అయితే? సి నడుస్తూ ఉంటుంది. సాయంత్రమో పొద్దున్నో తేల్చుకునే ముందు డాక్టరుగారి ముందు ఈ మూడు షిఫ్టుల కాగితం పెట్టు, టైము మార్చే రోజు డోసు ఎలాగో కూడా ఆయన్నే అడుగు. కొన్ని ఇన్సులిన్లకు టైములో కాస్త అటూ ఇటూ అయినా పరవాలేదు.

ఆ గ్లూకోజ్ డబ్బా మీద నీ పేరు రాశావా?

రేవుకుర్రాడు · నవంబర్ 10, మధ్యాహ్నం 3:12

రాశానండి. మొన్న చూస్తే దానికింద ఎవరో ఎర్ర స్కెచ్‌తో "ఇది మందు, టీలో వేసుకోవద్దు" అని రాశారు. అప్పటికే సగం అయిపోయింది. ఇంకో డబ్బా కొనాలి.